ముందు చెయ్యి, తర్వాత మందు

పొద్దున్నే లాయంలోకి అడుగుపెట్టగానే గుర్రం మొహం చూస్తాం. రాత్రి వేసిన మేత మిగిల్చిందా, లద్దె సరిగ్గా వేసిందా, నీళ్లు తాగిందా అని చూస్తాం. అన్నీ చూడాల్సినవే. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిలబడ్డచోటు నుంచే ఒక చూపు చూసి ఊరుకుంటాం. కాలి జబ్బులు ముదరడానికి ఈ ఊరుకోవడమే మొదటి కారణం. వాపు కంటికి ఆనే ముందే వేడి చేతికి తెలుస్తుంది. ఆ ఒకటి రెండు రోజుల తేడాతోనే మూడు వారాల్లో తగ్గాల్సిన దెబ్బ మూడు నెలలు పడుతుంది.

మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే రెండేళ్ల థరోబ్రెడ్ కావచ్చు, పాతబస్తీలో బరాత్‌కు వెళ్లే తెల్ల గుర్రం కావచ్చు, విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేది కావచ్చు, పాడేరు, చింతపల్లి కొండదారుల్లో సంతకు బస్తాలు మోసే పొట్టి గుర్రం కావచ్చు. మోకాలి కింద వాటన్నిటి నిర్మాణమూ ఒకటే, వచ్చే కష్టాలూ దాదాపు ఒకటే. ఈ అధ్యాయం వాటిలో రెండింటి గురించి. ఒకటి కాలి వాపు. రెండోది స్ప్లింట్ అని గుర్రాలవాళ్లందరూ పిలిచే ఎముక దెబ్బ. కాలు దెబ్బతిన్న గుర్రం తిరిగి పనికి వస్తుందా రాదా అన్నది మందు సీసా కంటే యజమాని చేతి మీద, యజమాని ఓపిక మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. నేను ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

మోకాలి కింద ఏముంది

గుర్రం ముందు కాలికి మోకాలి కింద కండ ఉండదు. మధ్యలో పెద్ద ఎముక, వెనకవైపు పైనుంచి దిగే టెండన్లు, వాటికీ ఎముకకూ నడుమ లిగమెంట్లు, పైన పల్చటి చర్మం. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి. కాపాడటానికి కండ గానీ కొవ్వు గానీ లేని చోట ఇంత బరువు పడుతుంది కాబట్టి, చిన్న తేడా వచ్చినా అక్కడ తేలిగ్గా బయటపడుతుంది. చెయ్యి వేసేవాడికి ఇది వరం.

దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందటి గుర్రపు పూర్వజంతువుకు ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి మూడు వేళ్లు ఉండేవి. ఇప్పటి గుర్రం నిలబడేది ఒక్క నడిమి వేలి మీదే. పక్క వేళ్లు పోయినా వాటి పై భాగపు ఎముకలు మాత్రం పెద్ద ఎముకకు అటొకటి ఇటొకటి, సన్నగా అంటిపెట్టుకుని మిగిలాయి. ఇవే స్ప్లింట్ ఎముకలు. ఒక్కో కాలికి రెండు చొప్పున మొత్తం ఎనిమిది. పైన మోకాలి దగ్గర లావుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, కాలి నడిమి భాగం దాటాక చిన్న బొడిపెతో ఆగిపోతాయి. కొత్తగా గుర్రం కొన్నవాళ్లు ఈ బొడిపెను తడిమి ఏదో గడ్డ లేచిందని కంగారు పడుతుంటారు. ఎదుటి కాలికి కూడా అదే చోట, అంతే ఉంటే అది పుట్టుకతో ఉన్నదే.

పనికిరాని ఎముకలని వీటిని తీసిపారేయడానికి లేదు. మోకాలి కీలులోని చిన్న ఎముకల బరువు కొంత వీటి తలల మీద పడుతుంది. అందులోనూ లోపలి వైపు ఎముక మీద ఎక్కువగా, నేరుగా పడుతుంది. ఆ బరువుకు అది కిందికి జరగబోతుంది. దాన్ని పెద్ద ఎముకకు కట్టి ఉంచేది మధ్యనున్న గట్టి లిగమెంటు. వయసు పెరిగేకొద్దీ ఈ లిగమెంటు ఎముకగా మారి, రెండూ ఒకటిగా అతుక్కుంటాయి. అతుక్కునేదాకా అక్కడ కదలిక ఉంటుంది. లేత వయసులో, అంటే రెండు నుంచి నాలుగైదేళ్ల లోపు, గట్టి నేల మీద ఎక్కువ పని చేయిస్తే ఆ లిగమెంటు చిరుగుతుంది, ఎముక పైపొర లేస్తుంది, లోపల కొద్దిగా రక్తం చేరుతుంది. శరీరం అక్కడ కొత్త ఎముక పోసి అతుకు వేస్తుంది. ముందు కాలి లోపలి వైపు, మోకాలికి ఆరేడు సెంటీమీటర్ల కింద లేచే గట్టి గడ్డ అలా పుట్టిందే.

చేతికి నేర్పాల్సిన పని

రోజూ ఒకే వేళకు, గుర్రం పనికి వెళ్లక ముందు, నాలుగు కాళ్లూ తడమండి. ముందు మాట్లాడుతూ భుజం మీద చెయ్యి వేసి, అక్కడినుంచి కిందికి జారుస్తూ రండి. ఒక్కసారిగా వంగి కాలు పట్టుకోవద్దు. మోకాలి కింద అరచేతిని కాలి చుట్టూ ఆనించి వేడి చూడండి. తర్వాత బొటనవేలితో లోపలి స్ప్లింట్ ఎముక వెంట పైనుంచి కిందిదాకా మెల్లగా నొక్కుతూ వెళ్లండి, ఆపైన బయటిది. కాలు ఎత్తి మోకాలు మడిచి పట్టుకుంటే టెండన్లు వదులవుతాయి. అప్పుడు వాటిని రెండు వేళ్ల మధ్య విడివిడిగా పట్టి చూడొచ్చు. స్ప్లింట్ ఎముక లోపలి అంచు కూడా అలా మడిచినప్పుడే చేతికి అందుతుంది. కొన్ని దెబ్బలు ఆ లోపలి అంచునే ఉంటాయి. పైనుంచి చూస్తే కాలు నున్నగానే కనిపిస్తుంది, గుర్రం మాత్రం కుంటుతుంది.

గిట్టకు పైనున్న కీలు వెనక, రెండు పక్కలా నాడి దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అది చాలా నెమ్మదిగా, వెతికితే గానీ దొరకనంత చిన్నగా కొట్టుకుంటుంది. వేలు పెట్టగానే బలంగా తగిలితే ఆ పాదంలో ఏదో మంట ఉన్నట్టు. కాలు వాపుకు మూలం కొన్నిసార్లు గిట్టలోనే, చీము పట్టిన మేకు గాయంలోనే ఉంటుంది. పైన ఎంత పట్టు వేసినా అది తగ్గదు.

మీ గుర్రం ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టాలి. ఆ కాలికి ఉన్న పాత గడ్డలు, పాత మచ్చలు, ఎండాకాలం సాయంత్రం ఉండే మామూలు వెచ్చదనం చేతికి అలవాటు కావాలి. అది తెలిసిన చేతికే కొత్తగా వచ్చిన మార్పు తెలుస్తుంది. గుర్రం బాధ్యత సాయిసు చూసుకుంటాడని వదిలేసే యజమానులకు నా మనవి ఒకటే. సాయిసు చెయ్యి ఎలాగూ పడుతుంది, మీ చెయ్యి కూడా పడనివ్వండి. అతను ఏదైనా తేడా చెబితే విని, మెచ్చుకోండి. పని పోతుందన్న భయంతో కాలి వేడిని దాచే సాయిసు ఉన్న లాయంలో ఏ గుర్రమూ బాగుండదు.

ఏ వాపు ఏది

అన్ని వాపులూ ఒకటి కావు. రాత్రంతా కట్టేసి ఉంచిన గుర్రానికి పొద్దున రెండు వెనక కాళ్లూ గిట్ట పైనుంచి మడమ కీలు దాకా నిండుగా ఉబ్బి ఉండొచ్చు. చల్లగా ఉంటుంది, నొక్కితే నొప్పి ఉండదు, తడిపిన పిండిలో వేలు దించినట్టు సొట్ట పడి కాసేపు అలాగే ఉంటుంది. అరగంట నడిపించేసరికి దిగిపోతుంది. కాలి కింది భాగంలో కండలు లేవు కాబట్టి అక్కడి రక్తం, నీరు తిరిగి పైకి చేరాలంటే నడక కావాలి. గిట్ట నేలకు ఆనినప్పుడల్లా లోపలి మెత్తటి భాగం ఒత్తుకుని రక్తాన్ని పైకి తోస్తుంది. నిలబెట్టేస్తే ఆ పని ఆగిపోతుంది. దీనికి మందు నడకే. రోజుకు ఇరవై రెండు గంటలు కట్టేసి ఉంచే పద్ధతి మార్చుకోవడమే.

ఒకే కాలు, అందులోనూ ఎక్కువగా వెనక కాలు, ఒక్క రాత్రిలో తొడదాకా లావెక్కి, కాలిపోతూ, ముట్టుకుంటే గుర్రం గిలగిల్లాడిపోతూ, ఒళ్లు కూడా వెచ్చగా ఉంటే అది వేరే సంగతి. చిన్న గీత గాయంలోంచి క్రిములు చర్మం కిందికి దిగి వ్యాపించిన సూచన అది. ఆ రోజే డాక్టరు చూడాలి, మర్నాటికి వాయిదా పనికిరాదు. ఆలస్యమైతే ఆ కాలు జీవితాంతం లావుగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. గుర్రం మామూలు ఉష్ణోగ్రత 99.5 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. లాయంలో థర్మామీటరు లేకుండా గుర్రాన్ని పెంచవద్దు. అది వంద, రెండు వందల రూపాయల వస్తువు, దానికి సాకు లేదు.

కాలి వెనకవైపు, మోకాలికీ కింది కీలుకీ మధ్య, తిన్నగా ఉండాల్సిన గీత బయటికి వంగి ఉబ్బితే టెండన్ దెబ్బతిన్నట్టు. రేసు గుర్రాలకు ఇది పెద్ద భయం. నయం కావడానికి 9 నుంచి 12 నెలలు పట్టొచ్చు. కింది కీలు పక్కల నీటి బుడగలా మెత్తగా, చల్లగా, నొప్పి లేకుండా ఉబ్బెత్తు ఉంటే అది పనిచేసిన గుర్రాల్లో సాధారణం. ఏళ్ల తరబడి అలాగే ఉన్నా బాధ పెట్టదు, హఠాత్తుగా పెరిగితేనే ఆలోచించాలి. ఏ కీలు దగ్గరైనా సరే గుచ్చుకున్న గాయం ఉండి, ఆ కీలు ఉబ్బితే మాత్రం గాయం ఎంత చిన్నదని చూడకండి. కీలు లోపలికి క్రిములు చేరితే గంటలు లెక్క. ధనుర్వాతం గుర్రాలకు చాలా తేలిగ్గా పట్టే జబ్బు. టీకా ఎప్పుడు వేయించారో ఆ క్షణాన గుర్తుండాలి.

నాలుగు కాళ్లూ, వాటితో పాటు పొట్ట కింద కూడా నీరు దిగితే సమస్య కాళ్లలో లేదు, ఒంట్లో ఉంది. మన దగ్గర వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో మొదట అనుమానించాల్సింది సర్రా జబ్బు. జోరీగలు ఒక జంతువు రక్తం నుంచి ఇంకోదానికి మోసుకొచ్చే పరాన్నజీవి వల్ల వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, తిండి తింటూనే గుర్రం చిక్కిపోతుంది, చిగుళ్లు పాలిపోతాయి, కాళ్లకు నీరు పడుతుంది. రక్త పరీక్షతో తేలుతుంది. అలాంటి గుర్రానికి కాళ్లకు కట్లు కడుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి, అరుదైనదే అయినా చెప్పకుండా ఉండలేనిది గ్లాండర్స్. కాలి లోపలి వైపు వరుసగా గడ్డలు లేచి, పగిలి, తేనె రంగు జిగురు కారితే చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. ఆ గుర్రాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలపండి. ఇది మనుషులకు అంటుకుంటుంది, ప్రాణాంతకం. మన చట్టం ప్రకారం తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. ఆ గుర్రాన్ని అమ్మేయడం, వేరే ఊరికి తోలేయడం నేరమే కాదు, ఇంకో ఇంటి మనిషిని బలి ఇవ్వడం.

స్ప్లింట్ లేచిందని అనుమానం వస్తే

నడకలో గుర్రం బాగానే ఉంటుంది. దుడికిలో, అంటే చిన్న పరుగులో, అందులోనూ తారు రోడ్డు మీద, తేడా కనిపిస్తుంది. ముందు కాలు కుంటే గుర్రం నొప్పి ఉన్న కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి ఎగరేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు తల దించుతుంది. ఎవరినైనా తాడు వదులుగా పట్టుకుని పరిగెత్తించమని, మీరు ఎదురుగా నిలబడి తలను మాత్రమే చూడండి. తర్వాత కాలు తడమండి. లోపలి వైపు, మోకాలికి కొంచెం కింద, వేడిగా, మెత్తని ఉబ్బు ఉండి, వేలితో నొక్కగానే కాలు లాక్కుంటే మీ అనుమానం చాలావరకు నిజమే.

అక్కడితో పని ఆపేయండి. ఆ రోజు బరాత్ ఒప్పుకుని ఉన్నా సరే, ఆదివారం రేసుకు పేరు ఇచ్చి ఉన్నా సరే. పెళ్లిళ్ల సీజన్లో ఒక ముహూర్తం వదులుకోవడం అంటే ఆ ఇంటి నెల ఖర్చులో పెద్ద భాగం వదులుకోవడమని నాకు తెలుసు. అందుకే గట్టిగా చెబుతున్నాను. వేడిగా ఉన్న స్ప్లింట్ మీద గుర్రాన్ని బ్యాండు మేళం ముందు మూడు గంటలు తారు మీద నిలబెట్టి ఆడిస్తే చిరిగిన లిగమెంటు ఇంకా చిరుగుతుంది, పైపొర ఇంకా లేస్తుంది, గడ్డ ఇంకా పెద్దదవుతుంది. పెద్దదైన గడ్డ వెనకనున్న లిగమెంటును ఒరుసుకుంటే కుంటు శాశ్వతంగా మిగిలే అవకాశం ఉంది. ఒక రాత్రి డబ్బు కోసం సీజనంతా పోతుంది. అదే లాయంవాళ్లలో ఇంకొకరి గుర్రాన్ని పంపించి, వచ్చినదాంట్లో వాటా మాట్లాడుకోండి. గుర్రాలు పెంచేవాళ్లు ఒకరికొకరు ఈ సాయం చేసుకోవడం అలవాటైతే చాలా కాళ్లు నిలుస్తాయి.

మొదటి రెండు మూడు రోజులూ చల్లదనమే మందు. పైపుతో చన్నీళ్లు కాలి మీద పదిహేను ఇరవై నిమిషాలు పారించండి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయగలిగితే మంచిది. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి, బావి నీళ్లో, ఐసు వేసిన బకెట్టో చూసుకోండి. ఐసు నేరుగా చర్మానికి ఆనించవద్దు, గుడ్డలో చుట్టి పెట్టండి. కాలు పూర్తిగా ఆరాక దూది దళసరిగా, ముడతలు లేకుండా పరిచి, మోకాలి కింది నుంచి గిట్ట పై కీలు దాకా కట్టు కట్టండి. దూది లేకుండా గట్టిగా లాగి కట్టిన పట్టీ టెండన్‌నే నలిపేస్తుంది. స్ప్లింట్ కోసం మొదలుపెట్టి టెండన్ జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది. ఎదుటి కాలికి కూడా కట్టండి, బరువంతా దాని మీదే పడుతోంది. పొద్దున, సాయంత్రం విప్పి చూసి మళ్లీ కట్టాలి. కట్టు కట్టడం రాకపోతే కట్టకండి, నీళ్లు చాలు.

తన్ను తగిలి వాచినట్టయితే, అందులోనూ చర్మం తెగి ఉంటే, అది ఎముక విరుగు కావచ్చు. వెనక కాలి బయటి వైపు స్ప్లింట్ ఎముక ఇలా తన్నుల వల్ల విరగడం ఎక్కువ. గాయం మానినట్టే ఉండి మళ్లీ మళ్లీ కారుతుంటే, వాసన వస్తుంటే లోపల చచ్చిన ఎముక ముక్క ఉన్నట్టు. అది బయటికి తీస్తే గానీ ఏ ఇంజెక్షనూ పనిచేయదు. విరుగు అన్న మాట వినగానే గుర్రం పనైపోయిందని గుండె జార్చుకోవద్దు. కింది భాగం విరిగితే ఆ ముక్కను ఆపరేషనుతో తీసేయొచ్చు, తర్వాత గుర్రాలు మళ్లీ పరుగెత్తుతాయి. పై భాగం, మోకాలి కీలుకు దగ్గరగా విరిగితేనే విషయం క్లిష్టమవుతుంది.

ఎక్స్‌రే గురించి ఒక మాట. ఎదురుగా, పక్కగా తీసిన రెండు ఫోటోలు ఈ ఎముకలకు చాలవు. ఏటవాలుగా కూడా తీయాలి, లేకపోతే పెద్ద ఎముక అడ్డం వస్తుంది. దెబ్బ తగిలిన రెండు మూడు రోజుల్లో తీసినదాంట్లో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. కొత్త ఎముక ఫోటోలో తెలియడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉందని గుర్రాన్ని పనికి తోలేవాళ్లు చేసేది తప్పు. కుంటు తగ్గకపోతే అల్ట్రాసౌండ్ చేయించి వెనకనున్న లిగమెంటును చూడాలి. ఖర్చు అనిపిస్తుంది, నిజమే. ఏం జరిగిందో తెలియకుండా నెల రోజులు మందులు మార్చుతూ పోయే ఖర్చు అంతకంటే ఎక్కువ. పశువుల ఆసుపత్రి దూరమైన చోట 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. రాజేంద్రనగర్‌, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయాల్లో పెద్ద ఆసుపత్రులున్నాయి.

వాతలు, పట్లు, సూదులు

వాచిన కాలికి కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించే అలవాటు ఇంకా పోలేదు. జిల్లేడు పాలు, టర్పెంటైన్ లాంటి మంట పుట్టించే వాటిని రాసి బొబ్బలెక్కించడం కూడా అలాంటిదే. వాత పెట్టిన గుర్రాలు బాగుపడిన మాట అబద్ధం కాదు. బాగుపడటానికి కారణం వాత కాదు. ఆ పుండు మానేదాకా దాన్ని ఎవరూ పనికి తోలలేదు, ఆ విశ్రాంతే నయం చేసింది. 1983లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టెండన్ దెబ్బల మీద చేసిన పెద్ద పరిశోధనను ప్రచురించారు. వాతల వల్ల మేలేమీ లేదని అందులో తేలింది. అదే విశ్రాంతిని నొప్పి పెట్టకుండా ఇవ్వగలిగినప్పుడు నోరులేని జీవిని కాల్చడం క్రూరత్వం తప్ప ఇంకేమీ కాదు. పసుపు, సున్నం పట్టులాంటివి వేయొద్దని నేను అనను గానీ, చర్మం తెగిన చోట సున్నం తగలనివ్వకండి. డాక్టరు చూడక ముందు వేస్తే అసలు వాపు ఎంతో ఆయనకు తెలియదు.

నొప్పి సూదుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నొప్పి తగ్గితే గుర్రం కాలును వాడటం మొదలుపెడుతుంది. పనికి తోలడానికి సూది వేయించడం, లోపల చిరిగినదాన్ని ఇంకా చింపించడమే. ఫినైల్‌బ్యూటజోన్ మోతాదు మించినా, ఎక్కువ రోజులు ఇచ్చినా కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దాన్ని నరానికే ఇవ్వాలి, బయటికి చిమ్మితే ఆ చోటు కుళ్లుతుంది. ఫ్లునిక్సిన్‌ను కండకు వేస్తే ఆ కండలో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ రావొచ్చు. ఇవన్నీ డాక్టరు చేతుల్లో ఉండాల్సినవి.

మనుషుల మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ గుర్రానికి పొడిపించే అలవాటు కొందరికి ఉంది. పశువుల వాడకానికి దాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. ఒకప్పుడు మన ఊళ్లన్నిటి మీదా తిరిగిన తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా ఇలాగే పోయాయి. 2023లో కీటోప్రొఫెన్‌, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకుండా ఆపేశారు. అలా పోగా మిగిలిన రాబందులు కొన్ని ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకున్నాయి. మీ గుర్రానికి మెలాక్సికమ్ సరిపోతుందేమో డాక్టరును అడగండి, అది రాబందులకు హాని చేయదు.

వారాలు ఇవ్వాల్సిన చోట వారాలు

స్ప్లింట్ మానడానికి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ఈ మాట చెప్పినప్పుడు యజమాని మొహంలో దిగులు కనిపిస్తుంది. పదో రోజుకే గుర్రం కుంటకుండా తిరుగుతుంది, చూసినవాళ్లు బాగైపోయిందంటారు. ఎక్కువ గుర్రాలు మళ్లీ దెబ్బతినేది సరిగ్గా అప్పుడే. కుంటు ఆగడం వేరు, ఎముక గట్టిపడటం వేరు. రోజూ వేలితో నొక్కి చూసి, ఏ రోజు నుంచి వేడి లేదో, ఏ రోజు నుంచి నొప్పి లేదో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నిర్ణయం ఆ పుస్తకం చూసి తీసుకోండి, పక్కవాళ్ల మాట విని కాదు.

మొదటి వారాల్లో లాయంలో మెత్తగా ఎండుగడ్డి పరిచి ఉంచి, డాక్టరు ఒప్పుకున్నాక రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు తాడు పట్టుకుని నడిపించండి. దాణా తగ్గించాలి. పని లేని గుర్రానికి మామూలుగానే ఉలవలు, శనగలు పెడుతూ పోతే ఒళ్లు పెరిగి ఆ బరువంతా కాలి మీదికే వస్తుంది. లోపల కట్టేసి ఉన్న గుర్రం తిక్క పట్టి గోడల్ని తన్నుతుంది. గడ్డి మాత్రం తగ్గించొద్దు, నములుతూ ఉంటేనే దాని మనసు స్థిమితంగా ఉంటుంది. ఎదురుగా ఇంకో గుర్రం కనిపించే చోట కట్టండి.

వేడి, నొప్పి పూర్తిగా పోయాక మెత్తని నేల మీద తిన్నగా దుడికి మొదలుపెట్టండి, కొద్ది నిమిషాలే. గుండ్రంగా తిప్పడం చివరికి ఉంచండి, వలయంలో లోపలి కాలి మీద భారం ఎక్కువ. పని పెంచిన ప్రతి మర్నాడూ పొద్దున కాలు తడమండి. వెచ్చగా తగిలితే ఒక మెట్టు కిందికి దిగి వారం ఆగండి.

ఈ వారాల్లోనే దెబ్బకు మూలం వెతకాలి. రెండు కాళ్లకూ లేస్తే పని ఎక్కువైనట్టు, లేదా నేల మరీ గట్టిదైనట్టు. ఒక్క కాలికే లేస్తే ఆ కాలి తీరు చూడండి. మోకాలి నడిమి నుంచి కింది ఎముక బయటి పక్కకు జరిగి ఉన్న గుర్రాలకు లోపలి ఎముక మీద బరువు ఎక్కువ పడుతుంది. గిట్టలు బయటికి తిరిగి ఉన్నవి నడుస్తూ తన కాలిని తనే తన్నుకుంటాయి. పుట్టుకతో వచ్చిన తీరును మార్చలేం, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట సమంగా చెక్కించి, కాళ్లకు రక్షణ బూట్లు తొడిగి తగ్గించగలం. మంచి నాల్‌బంద్ దొరికితే అతన్ని వదులుకోకండి, బేరాలాడి పోగొట్టుకోకండి.

పెరిగే గుర్రానికి మేత కూడా చూడాలి. మన దగ్గర చవగ్గా దొరుకుతుందని తవుడు దండిగా పెడతారు. తవుడులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మొత్తం మేతలో కాల్షియం భాస్వరం కంటే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే మేలు. అది తిరగబడితే శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. తవుడు తగ్గించి లూసర్న్ గడ్డి కలపడం, ఖనిజ లవణాల మిశ్రమం ఎంత వేయాలో డాక్టరును అడిగి వేయడం ఖరీదైన పనులేమీ కావు.

చివరికి గట్టి గడ్డ ఒకటి మిగులుతుంది. కొంతకాలానికి కొంచెం చిన్నదవుతుంది గానీ పూర్తిగా పోకపోవచ్చు. చల్లగా, నొప్పి లేకుండా ఉంటే అది అందానికి లోటే గానీ పనికి లోటు కాదు. కొనేటప్పుడు ఇలాంటి గడ్డ చూసి మంచి గుర్రాన్ని వదులుకోవద్దు. ఆరేడేళ్ల వయసు గుర్రానికి పాత స్ప్లింట్ ఉండటం మామూలే. మూడేళ్లదానికి వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం అమ్మేవాళ్లు ఏ కారణం చెప్పినా రెండు నెలలు ఆగి మళ్లీ చూడండి. గట్టి నేల మీద దుడికి చేయించి, కాలు మడిచి గడ్డ లోపలి అంచు కూడా వేలితో చూసి, అనుమానం మిగిలితే ఏటవాలు ఎక్స్‌రే తీయించి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.